గడ్డిలో జింకపిల్ల

సిసెల్,

పక్కింట్లోనే ఉండి ఉత్తరమేమిటనుకోకు. ఎదుట నిలబడి చెప్పలేను.

పోయిన వారం సాయంత్రం పార్కులో నడుస్తుంటే, గడ్డిలో జింకపిల్ల ఒంటరిగా కనిపించింది. తల్లి వదిలేసిందనుకుని శాలువాలో చుట్టి ఇంటికి తెచ్చాను. పాలు ముట్టలేదు. మూడో రోజున చచ్చిపోయింది.

పార్కు కాపలాదారు టోర్బెన్ కసిరాడు: "తల్లి మేతకెళ్ళిందండీ. పిల్లని గడ్డిలో దాచే వెళ్తుంది. మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారు?"

ఆ తల్లి ఇంకా రోజూ సాయంత్రం అక్కడికే వచ్చి గడ్డి అంతా వాసన చూస్తోంది.

నువ్వు బేకరీ పనికెళ్ళిన పూట నీ చిన్నారి ఆల్మా ఇంట్లో ఒంటరిగా ఉందని శిశు సంక్షేమ శాఖకి ఫోన్ చేసి, అధికారులు నీ పిల్లను తీసుకుపోయేలా చేసిందెవరని ఏడాదిగా నా వంటింట్లో కూర్చుని అడుగుతున్నావు. ప్రతిసారీ కాఫీ పోసి, తెలియదన్నాను.

ఆ ఫోన్ చేసింది నేనే.