రెండో సంతకం

పండుతల్లికి,

ఫోన్ చేస్తే మళ్ళీ "మేడమ్" అంటావేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు నన్ను హోల్డులో పెట్టలేవు కదా.

సోమవారం నేను చేసింది నీ నంబరుకి కాదు, మీ కంపెనీ నంబరుకి. ఇల్లు ఎప్పుడిస్తారో ఎవరికి వాళ్ళు అడిగి చూద్దామని మా కొనుగోలుదారుల సంఘంలో అనుకున్నాం. తీరా చూస్తే ఫోనెత్తింది నువ్వు. గొంతు వినగానే నేను ఊరుకోలేక "ఏమే, తిన్నావా?" అన్నాను. "మీ ఫ్లాట్ నంబరు చెప్పండి మేడమ్" అన్నావు. పక్కన ఎవరో ఉన్నారు కాబోలనుకుని నంబరు చెప్పాను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్, పనులు చురుగ్గా సాగుతున్నాయి మేడమ్" అన్నావు. నవమాసాలూ మోసిన దానికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ పూట వంట కూడా చేసుకోలేదు.

కోపం లేదంటే అబద్ధం. ఉంది. కానీ ఆ గొంతు నాకు కొత్తది కాదు. ఆసుపత్రి టెలిఫోన్ బోర్డు ముందు కూర్చునే కదా తల నెరిసింది. "డాక్టరుగారు రౌండ్స్‌లో ఉన్నారండీ" అని నేను ఎంత తీయగా చెప్పేదాన్నో నీకు తెలుసు, ఇంట్లో నన్ను అనుకరించి నవ్వించేదానివి కూడా. ఆయన రౌండ్స్‌లో ఉన్నారో, క్యాంటీన్లో కాఫీ తాగుతున్నారో నాకేం తెలుసు? చెప్పమన్నది చెప్పేదాన్ని. అందుకే నువ్వు "చురుగ్గా" అన్నప్పుడే పని ఆగిపోయిందని నాకు అర్థమైంది. మర్నాడు బస్సెక్కి వెళ్ళి చూశాను. మనది ఆరో అంతస్తు. వాళ్ళు కట్టింది నాలుగు. ప్రస్తుతం మన హాల్లో కాకులు కాపురం ఉంటున్నాయి. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కొని చూడు అనలేదంటే, వాళ్ళకి బిల్డర్లు తగిలి ఉండరు.

నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్రోచరు తెచ్చి నా ఒళ్ళో పెట్టావు. అందులో అరచేతిలో వైకుంఠం చూపించారు. రిటైరైనప్పుడు వచ్చిందంతా ఊడ్చి కట్టాను. వాళ్ళ మాట మీద కాదమ్మా, నీ మాట మీద కొన్నాను. ఇది దెప్పిపొడుపు కాదు. సరే, కొంచెం దెప్పిపొడుపే.

అసలు సంగతికి వస్తాను. బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే ఇళ్ళ అథారిటీ ఒకటి ఉంది కదా, అక్కడ మా సంఘం వాళ్ళందరం తలా ఒక ఫిర్యాదు వేశాం. ముందుండి వేయించింది మాతోపాటే ఫ్లాట్ కొన్న బడి డ్రిల్లు మాస్టారు. మనిషి మంచివాడే గానీ మీటింగుల్లో ఎవరైనా ఎక్కువ మాట్లాడితే విజిల్ వేస్తాడు. నేనూ వేశాను, నీకు చెప్పలేదు. చెబితే నీకు నిద్ర ఉండదు, చెప్పకపోతే నాకు ఉండదు. సరే, నా నిద్రే పోనీ అనుకున్నాను. నిన్న అథారిటీ గుమాస్తా పిలిచి "రెండో కొనుగోలుదారు సంతకం ఏదమ్మా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నా తరవాత నువ్వు ఆఫీసుల చుట్టూ తిరగకూడదని పట్టుబట్టి నీ పేరు కూడా రాయించాను. నా ముందుచూపే నా కాళ్ళకు అడ్డం పడింది. ఆ సంతకం లేకపోతే ఫిర్యాదు ముందుకు కదలదట.

జీతమిచ్చే కంపెనీ మీద నువ్వే ఫిర్యాదు చేస్తే ఉద్యోగం ఉంటుందా? హాస్టలు ఫీజు, చదువు కోసం బ్యాంకులో తీసుకున్న అప్పు, ఏవీ ఆగవు కదా. అందుకని నిన్ను సంతకం అడగదలచుకోలేదు. వారంలో వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఇంటాయన మాత్రం ఈ మేడమీది రెండు గదులూ కింద బేకరీవాళ్ళకి ఇచ్చేస్తానంటున్నాడు, ఖాళీ చెయ్యమంటున్నాడు. ఏదో ఒకటి చూసుకుంటాను. వేళకి తిను.

ఆకాశంలో ఇల్లున్న
మీ అమ్మ

*

అమ్మా,

హాస్టల్ గదిలో చదివితే ఏడుపు అందరికీ కనబడుతుందని నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. సోమవారం మా మేనేజరు నా పక్కనే కూర్చుని ఇంకో హెడ్‌ఫోన్ పెట్టుకుని నా కాల్స్ అన్నీ వింటున్నాడు. కొన్నవాళ్ళలో నాకు బంధువులున్నారని తెలిస్తే వాళ్ళ ఫైలు నా చేతిలోంచి తీసేస్తారు. ఒప్పందంలో రెండో పేరు నాదేనని ఇక్కడ ఎవరూ ఇంకా గమనించలేదు, మన ఫైలు మీద దుమ్ము పడకుండా చూస్తున్నది నేనే. అందుకని మేడమ్ అన్నాను. సాయంత్రం నీకు ఫోన్ చేద్దామనుకున్నాను, మొహం చెల్లలేదు.

నీ ఉత్తరం చదివిన మర్నాడే మేనేజరుకి చెప్పేశాను, ఆవిడ మా అమ్మ సార్ అని. తిడతాడనుకున్నాను. కుర్చీ లాగి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. "ముందే చెప్పొద్దా అమ్మా, మనవాళ్ళని మనం చూసుకోమా?" అన్నాడు. పూర్తయిన రెండో బ్లాకులో ఒక ఫ్లాట్ ఖాళీ అయిందట. మన ఆరో అంతస్తుకి బదులు అది ఇస్తారు, పైన ఒక్క పైసా అడగరు, ఈ నెలలోనే తాళాలు. నువ్వు ఫిర్యాదు వెనక్కి తీసుకుని, సంఘం మీటింగులకి వెళ్ళడం మానెయ్యాలి, అంతే.

నేను ఒప్పుకున్నాను అమ్మా, నిన్ను అడగకుండానే. నా మాట మీద కొన్నానని రాశావు చూడు, అది చదివాక నాకు ముద్ద దిగడం లేదు. నీకు ఎలాగోలా ఒక ఇల్లు ఇప్పించాలి. మిగతావాళ్ళ సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారు. నన్ను స్వార్థపరురాలు అనుకున్నా సరే. శనివారం వెళ్ళి చూడు, సైట్ సూపర్‌వైజరుకి చెప్పాను. నచ్చకపోతే అప్పుడు తిట్టు.

నీ పండు

*

పండుతల్లికి,

శనివారం వెళ్ళి చూశాను. ఉన్నదున్నట్టు చెబుతాను, విను.

ఇల్లు నాకు నచ్చింది. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి, ఆశ్చర్యపోయి కట్టేసి మళ్ళీ తిప్పాను. వంటింటి గట్టు నా ఎత్తుకి కొలిచి కట్టినట్టుంది. నీ మంచం ఎక్కడ వెయ్యాలో, నా కుట్టుమిషను ఏ వెలుతురులో పెట్టాలో కూడా మనసులో అనేసుకున్నాను. ఆశ సిగ్గు లేనిదమ్మా. సూపర్‌వైజరు ఎదురుగా లేకపోతే ఆ గచ్చు మీద ఒకసారి పడుకుని చూసేదాన్ని కూడా. ఆ తరవాత పడగ్గది కిటికీ తెరిచాను. కింద బడి గ్రౌండు, పిల్లలు వరసల్లో నిలబడి చేతులు పైకెత్తుతున్నారు.

మా డ్రిల్లు మాస్టారు ప్రతి మీటింగులో ఒక మాట చెబుతాడు. "మా పడగ్గది కిటికీలోంచి మా బడి గ్రౌండు కనిపిస్తుందండీ. రిటైరైనా సరే, మంచం మీదనుంచే విజిల్ వేసి పిల్లల్ని పరిగెత్తిస్తా." అందరం నవ్వుతాం. ఆయన బ్లాకు ఎప్పుడో పూర్తయింది. కాకపోతే ఒప్పందంలో లేని పార్కింగ్ డబ్బు కడితేనే తాళాలిస్తామన్నారు. ఈయన కట్టనన్నాడు, ఫిర్యాదు వేశాడు. సూపర్‌వైజరుని అడిగాను, "ఇది మాస్టారిది కదా బాబూ?" అని. "ఆయనదేనండీ, ఇప్పుడు కాదు. కేసు వేశాడు కదండీ, క్యాన్సిల్ చేశారు" అన్నాడు. మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడనుకో. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు, చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగాను.

తిన్నగా మాస్టారి దగ్గరికే వెళ్ళాను. దాచి ఏం చేసుకోను? ఆయనకి క్యాన్సిల్ సంగతే ఇంకా తెలియదు. వినగానే ఆయన భార్య లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఏమన్నాడో తెలుసా? "తీసుకోండి అక్కగారూ. ముక్కూ మొహం తెలియనివాడికి పోయేకంటే మీరుంటే నయం. కిటికీలోంచి అప్పుడప్పుడు మా పిల్లల్ని చూస్తుండండి." ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను, బస్సులో ఎవరో ముసలావిడ లేచి నాకు సీటిచ్చింది.

నిన్ను ఏమీ అనను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నా కోసమే చేశావని నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో నేను అడుగు పెట్టను పండూ. మాస్టారి కిటికీ పక్కన పడుకుంటే నాకు నిద్ర పడుతుందా చెప్పు?

పోనీ ఫిర్యాదైనా మానేద్దామని నిన్న అథారిటీకి వెళ్ళాను. గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టి "వెనక్కి తీసుకోవాలన్నా ఇద్దరి సంతకాలూ ఉండాలమ్మా" అన్నాడు. వెయ్యడానికీ నువ్వే, మానడానికీ నువ్వే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది. అందుకని రెండు కాగితాలూ ఇందులో పెడుతున్నాను. ఒకటి ఫిర్యాదు, ఒకటి ఉపసంహరణ. రెండింటి మీదా నేను సంతకం చేశాను. నీకు ఏది వీలైతే దాని మీద చెయ్యి, రెండోది చింపెయ్యి. వెనక్కి తీసుకున్నా నాకు బాధ లేదు, మీ పిన్ని రమ్మంటోంది, వెళ్తాను.

నాకేం కావాలని అడుగుతావేమో. నాకు నా ఇల్లు కావాలి. ఎవరిదో కాదు, నాది, మనది. కానీ నీ నోటి దగ్గర కూడు తీసి కట్టే ఇల్లు నాకొద్దు. ఈ రెండు మాటలూ నిజమే, వీటిని ఎలా కలపాలో నాకు తెలియడం లేదు. నీకేమైనా తెలిస్తే చెప్పు.

అమ్మ

*

అమ్మా,

రెండు కాగితాలూ అందాయి. అది మాస్టారి ఇల్లని నాకు తెలియదు అని రాయబోయి ఆగాను. తెలుసుకోలేదు. "ఖాళీ అయింది" అన్నాడు మేనేజరు. ఎలా ఖాళీ అయింది సార్ అని నేను అడగలేదు. రోజూ ఇలాంటి మాటలు పదిమందికి చెప్పేదాన్ని, నాకు చెబితే మాత్రం నమ్మేశాను.

ఉపసంహరణ కాగితం ముందు బయటికి తీశాను. నీ దగ్గర దాచను, పెన్ను మూత కూడా తీశాను. అప్పు కంతు, హాస్టలు, అన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. అప్పుడు నీ సంతకం కనిపించింది. ఫిర్యాదు మీద నీ సంతకం తిన్నగా ఉంది. ఉపసంహరణ మీదది వణికింది. నీకేం కావాలో అదే చెప్పేసింది, ఇంక నాకు ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

ఫిర్యాదు మీద సంతకం చేసి పొద్దున్నే మేనేజరు బల్ల మీద పెట్టాను. చాటుగా చెయ్యడం ఇష్టం లేక అతనికే ముందు చూపించాను. చదివాడు. "నీ మంచికే ఇల్లిప్పిస్తే ఇదా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?" అన్నాడు. "లెక్కపెడదామనే ఉంది సార్, మా ఆరో అంతస్తుకి వాసాలేవీ?" అన్నాను. అలా ఎలా అన్నానో నాకే తెలియదు. అతను ఎవరికో ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్ళాడు. వెళ్ళేముందు "సీట్లో కూర్చో, చెప్పేదాకా కదలకు" అన్నాడు.

కాగితం తీసి సంచిలో పెట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగం పోయినట్టేనని తెలుసు. ఆదివారం పెట్టె తీసుకుని నీ దగ్గరికి వస్తాను, ఇంకో పని దొరికేదాకా ఆ రెండు గదుల్లో నాకో పక్క వెయ్యి. సోమవారం ఇద్దరం కలిసి అథారిటీకి వెళ్దాం, మాస్టారిని కూడా రమ్మను. ఆయన ఫిర్యాదు వేశాకే క్యాన్సిల్ చేశారని నేను అక్కడ చెబుతాను. నాకు భయంగానే ఉంది అమ్మా. భయం లేదని నీకు రాస్తే నమ్మవు కూడా.

సీట్లో కూర్చోగానే ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ ఎత్తాను. మన బ్లాకులోనే ఐదో అంతస్తు కొన్నావిడ. "మా ఇల్లు ఎప్పుడిస్తారమ్మా? పోయిన నెలా ఇదే అడిగాను" అంది. నా ముందు కాగితం మీద చెప్పాల్సిన మాటలన్నీ వరసగా ఉన్నాయి. "పని ఆగిపోయి చాలా నెలలైందండీ, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇళ్ళ అథారిటీలో ఫిర్యాదు వెయ్యండి. అడ్రసు చెబుతాను, రాసుకోండి" అన్నాను. అవతల కాగితం వెతుక్కుంటున్న అలికిడి వినిపించింది. నెమ్మదిగా చెప్పాను, ఆవిడ ఒక్కొక్క మాటే పైకి చదువుతూ రాసుకుంది.

"కంపెనీవాళ్ళే ఇలా చెబుతున్నారేంటమ్మా? ఇంతకీ ఎవరు మాట్లాడుతున్నారు?" అని అడిగింది.

"మీ పై అంతస్తేనండీ" అన్నాను. "నేనూ కొన్నాను."

నీ పండు