రెండు పాదాల సర్వే

మామయ్యగారికి,

కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, బంతి కాళ్ళు తప్ప.

ఏ పెద్ద వస్తువు కొన్నా ముందు మీరు కొలిచి సరేననాలి, ఇది మీ ఇంటి పద్ధతి. పెళ్ళయిన కొత్తలో మీకు చెప్పకుండా బీరువా కొన్నాం. అది తలుపులో ఇరుక్కుపోయి రెండు రోజులు మేమిద్దరం కిటికీలోంచి రాకపోకలు సాగించాం. అది నేనింకా మర్చిపోలేదు. అందుకే అడుగుతున్నా.

బంతికి బూట్లు కొనాలి. మామూలువి కాదు. నేను యూనిఫారాలు కుట్టే షెడ్డుకి నాలుగు వీధుల అవతల పిల్లల బూట్ల షాపు ఒకటుంది. అక్కడ ఒకాయన పిల్లని ఇనప పలక మీద నిలబెట్టి పొడవు, వెడల్పు, మడమ, మీగాళ్ళ ఎత్తు అన్నీ కొలిచి, దానికి తగిన జత తీసిస్తాడు. ధర మాత్రం మామూలు బూట్లు నాలుగు జతలకి ఎంతవుతుందో అంత.

దండగ అని మీరంటారని తెలుసు. కానీ పోయినేడాది దాకా బడి గంట కొట్టగానే గేటు దాకా పరిగెత్తుకొచ్చిన పిల్ల, ఇప్పుడు అందరూ వెళ్ళిపోయాక కాళ్ళీడ్చుకుంటూ వస్తోంది. మడమల మీద బొబ్బలు. ఆడుకునే టైములో మెట్ల మీద కూర్చుంటోందట. ఒకచోట నిలవదని మీరే దానికి బంతి అని పేరు పెట్టారు. ఏడేళ్ళ పిల్ల అలా కూర్చుంటే నేను చూడలేకపోతున్నాను.

మీ జవాబు కోసం చూస్తూ,
కోడలు

తా.క. మీ అబ్బాయినీ అడిగాను. "నాన్న చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే" అన్నారు. మీరింకా ఏమీ చెప్పలేదని గుర్తు చేశాను. పేపర్ చదువుకోవడం మొదలుపెట్టారు.



అమ్మాయికి దీవెనలు.

ఉత్తరం అందింది. ఫోన్ చేయకుండా రాసినందుకు సంతోషం. ఫోన్‌లో మాట గాల్లో కలిసిపోతుంది, కాగితం మీద మాట ఫైల్లో ఉంటుంది. నీ ఉత్తరాన్ని "పాదాలు" అని కొత్త ఫైలు తెరిచి అందులో పెట్టాను.

ఇక విషయానికొస్తే, ముప్పై నాలుగేళ్ళు సర్వేయరుగా రాళ్ళలో ముళ్ళలో కొలత గొలుసు లాక్కుంటూ తిరిగినవాణ్ణి. నా పాదాన్ని ఎవడూ పలక మీద పెట్టి కొలవలేదు. కొట్టుకెళ్ళి ఏడో నంబరు అనేవాణ్ణి, ఇచ్చేవాడు, వేసుకునేవాణ్ణి. నొప్పెట్టేది. బూటన్నాక నొప్పెట్టదా?

పెరిగే పిల్లకి పాదానికి అతికినట్టు బూటు కొంటే మూడు నెలలకి మూలన పడేయాలి. రెండు సైజులు పెద్దది కొని ముందు భాగంలో దూది కుక్కు. ఊరు పెరుగుతుందని రోడ్డుకి స్థలం వదలమూ? వేళ్ళకీ అంతే.

అయినా రెండు వైపులా వినకుండా తీర్పు చెప్పడం నాకు అలవాటు లేదు. పాదాలు రెండిటికీ పటం గీసి పంపు. ఉత్తరం దిక్కు గుర్తు పెట్టడం మర్చిపోవద్దు.

ఇట్లు,
మామయ్య

తా.క. "పిల్లకి ఏం కావాలో అది కొనమని రాయండి" అని మీ అత్తయ్య వంటింట్లోంచి అరుస్తోంది. నోటిమాట కాబట్టి ఫైల్లో చేర్చలేదు.



మామయ్యగారికి నమస్కారాలతో, పటం జతచేస్తూ రాస్తున్నది.

పాత క్యాలెండరు వెనక పేజీ మీద బంతిని నిలబెట్టి గీశాను. పెన్సిలు అరికాలి పక్కకి వచ్చిన ప్రతిసారీ చక్కిలిగింతలని ఎగిరింది, కాబట్టి బొటనవేలి దగ్గర గీత కాస్త వంకరపోయింది. ఉత్తరం అంటే మా వంటగది వైపు.

దూది సంగతి. మీరు చెప్పకముందే అదీ చేసి చూశాం. డ్రిల్లులో కాలు పైకెత్తమంటే ఎత్తింది. కాలు ఆగింది, బూటు ఆగలేదు. తిన్నగా వెళ్ళి డ్రిల్లు టీచరుగారి హాజరు పుస్తకం మీద పడింది. "మీ అమ్మాయి తన వస్తువులు తన దగ్గరే ఉంచుకునేలా చూడగలరు" అని చీటీ పంపారు.

నేనూ కొలతల మనిషినే మామయ్యగారూ. పిల్లల గౌను కుడితే లోపల నాలుగు వేళ్ళ మడత వదులుతాను. పెరిగితే విప్పుకోవచ్చు. బూటుకి విప్పే మడత ఎక్కడుంటుంది చెప్పండి? గౌను వదులైతే పిల్ల పడిపోదు. బూటు వదులైతే పడుతుంది. మొన్న మోకాలు పగిలింది.

ఈ శనివారం దాకా ఆగుతాను. బడిలో పరుగు పందేలు దగ్గరికొచ్చాయి, పేరిచ్చింది కూడా.

కోడలు

తా.క. ఎడమ పాదం పక్కన గుండ్రంగా ఉన్నది పటంలో భాగం కాదు. టీ గ్లాసు.



అమ్మాయికి దీవెనలు.

పటం పరిశీలించాను. గ్లాసు మరక తీసేసి లెక్క కట్టాను. పెద్ద లోపం ఒకటుంది.

ఎడమ పాదం కన్నా కుడి పాదం మూడు మిల్లీమీటర్లు పొడుగు తేలింది. ఇది జరగని పని. ఒకే పిల్ల, ఒకే ఇల్లు, ఒకే తిండి. ఒక కాలు ఎక్కువెలా పెరుగుతుంది? నువ్వు పెన్సిలు వాల్చి పట్టుకుని ఉంటావు. పెన్సిలు నిటారుగా లేకపోతే హద్దు పక్కవాడి పొలంలోకి పోతుంది. దీనివల్ల అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు నాకు తెలుసు.

మళ్ళీ గీసి పంపు. ఈసారి ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి.

మామయ్య

తా.క. రెండు పాదాలూ సమానంగా ఉంటాయని రుజువు చెయ్యడానికి మీ అత్తయ్య చేత నా పాదాలు గీయించాను. కుడిది ఐదు మిల్లీమీటర్లు పొడుగొచ్చింది. పైగా అది ఏడో నంబరు కాదు, తొమ్మిది. ముప్పై నాలుగేళ్ళు. మీ అత్తయ్య నవ్వు ఆపుకోలేక పక్కింటికి వెళ్ళింది. దీనికీ మన కేసుకీ సంబంధం లేదు.



మామయ్యగారికి,

మీరు అనుమతి ఇచ్చినందుకు చాలా సంతోషం. సూటిగా కొనమని రాయకుండా మీ పాదాల సంగతి చెప్పి నాకు అర్థమయ్యేలా చేశారు. పెద్దమనసంటే ఇదీ అనుకున్నాను. మీ అబ్బాయికి చదివి వినిపిస్తే "నాన్న అలా ఎందుకు రాశారబ్బా" అని ఆశ్చర్యపోయారు.

శనివారమే కొన్నాం. నీలం రంగు, రెండు పట్టీలు. కొలతలాయన బూటు ముందు భాగంలో, కాలి వేళ్ళ ముందున్న ఖాళీని తన బొటనవేలితో నొక్కి చూసి "ఇంత చాలు, ఇంకా ఎక్కువైతే జారుతుంది" అన్నాడు. పిల్లలకి రెండు పాదాలూ సమానంగా ఉండటం అరుదేనట. ఈ ముక్క ఫైల్లో పెట్టుకోండి. బంతి షాపులో అటు చివరి నుంచి ఇటు చివరికి నడిచింది. దాని మొహం మీరు చూసి ఉండాల్సింది.

కోడలు

తా.క. పిల్లకి ఎంత బుద్ధొచ్చిందో! రోజూ సాయంత్రం తడిగుడ్డతో తుడిచి, కాగితం చుట్టి, పెట్టెలో పెట్టి మూత వేస్తోంది. పాత బూట్లని ఏనాడూ ఇలా చూసుకోలేదు.



అమ్మాయికి,

నేను అనుమతి ఇవ్వలేదు. నా పాదాలు నా సొంత విషయం. కేసుకి సంబంధం లేదని స్పష్టంగా రాశాను. ఆ వాక్యం కింద ఇప్పుడు ఎర్ర సిరాతో గీత గీశాను.

సరే, అయిందేదో అయింది. డబ్బిచ్చేశాక గింజుకుని ఏం లాభం? ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. పరిగెత్తుతోందా? అవునో కాదో రాయి. అవునైతే నేను నోరు మూసుకుంటాను. కాకపోతే ఆ కొలతలాయనతో నేను మాట్లాడాల్సి ఉంటుంది.

మామయ్య

తా.క. దీవెనలు పైన రాయడం మర్చిపోయాను, కోపంలో. ఇక్కడ రాస్తున్నాను. దీవెనలు.



మామయ్యగారికి,

కాదు.

మూడు వారాలైంది. పరిగెత్తడం లేదు. పాత బూట్లతో కాస్త ఈడ్చుకుంటూ అయినా నడిచేది. ఇప్పుడు నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు ఒక్కో అడుగూ చూసుకుని వేస్తోంది. వాన పడితే బడి వరండాలోనే నిలబడిపోతోంది. అందరూ ఆడుకుంటుంటే మళ్ళీ అవే మెట్లు.

మూడుసార్లు షాపుకి తీసుకెళ్ళాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మూడుసార్లూ కొలత ఒకటే. మూడోసారి ఆయన పలక నా ముందు పెట్టి "మీరే కొలవండమ్మా" అన్నాడు. నా టేపుతో కొలిచాను. ఆయన కొలతే రైటు. ఎముకల డాక్టరు దగ్గరికీ వెళ్ళాం. మోకాలు వంచారు, మడమ తిప్పారు, అంతా బాగుందన్నారు. "మరి పరిగెత్తదేం?" అంటే "మీరు నాకు చూపించింది కాళ్ళమ్మా, కాళ్ళు బాగున్నాయి" అన్నారు.

నాకు భయంగా ఉంది మామయ్యగారూ. పట్టుబట్టి నేనే కొన్నాను. మీ మాట వినుంటే బాగుండేదేమో. షెడ్డులో కుట్టు మిషను మీద కూర్చున్నా దాని నడకే కళ్ళ ముందుంటోంది. నా పంతం వల్ల పిల్లకేమైనా అయిందంటే నేను తట్టుకోలేను. ఏం చెయ్యమంటారో రాయండి, అలాగే చేస్తాను.

కోడలు

తా.క. తాతయ్యా నేను బంతిని. అమ్మ ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, జిగురు కోసం వెళ్ళింది, అందుకని తొందరగా రాస్తున్నా. నా కాళ్ళు నొప్పి లేవు. బూట్లు చాలా చాలా బావున్నాయి. అందుకే పరిగెత్తట్లేదు. పరిగెత్తితే అరిగిపోతాయి, బురదైతే పాడైపోతాయి. ఇంత ఖరీదైనవి పాడైతే మళ్ళీ కొనలేం జాగ్రత్త అని అమ్మ షాపులోనే చెప్పింది. పరుగు పందెంలో నా పేరు కొట్టేయించేశా. మీకు మాత్రమే చెప్తున్నా. అమ్మకి చెప్పద్దు, బాధపడుతుంది.



అమ్మాయికి చాలా చాలా దీవెనలు.

ఈ ఉత్తరం మీ ఇంట్లో, మీ భోజనాల బల్ల మీదే రాసి ఇక్కడే పెడుతున్నాను. నువ్వు షెడ్డు నుంచి వచ్చేసరికి నేను ఐదున్నర బస్సులో ఉంటాను. ఎందుకు ఉండలేదంటే, నువ్వు కేకలేస్తావని భయం.

నీ ఉత్తరం చివర నువ్వు రాయనిది ఒకటుంది. అసలు కాగితం ఇక్కడే పెడుతున్నాను, ముందు అది చదువు. చదివి ఏడవకు. నిన్న నా వంతు అయిపోయింది. మనిద్దరం కొలతల మనుషులం. పొడవు కొలిచాం, వెడల్పు కొలిచాం, ఉత్తరం దిక్కు గుర్తు పెట్టాం. ఏమ్మా ఎందుకు పరిగెత్తట్లేదు అని ఆ పిల్లని ఒక్కరమైనా అడిగామా? నువ్వు పనిలో ఉన్నావు, నీకు ఓ సాకుంది. నేను ఫైలు నడుపుతూ కూర్చున్నాను. నాకు సిగ్గుగా ఉంది.

బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. ఆటస్థలం పక్కన కుళాయి కారి చిన్న మడుగు కట్టి ఉంది. "దిగుదాం పద" అన్నాను. "పాడైపోతాయి తాతయ్యా" అంది. ముందు నేను దిగాను, నా కొత్త తొమ్మిదో నంబరు బూట్లతో. (కొన్నాను. అది వేరే ఫైలు.) అది గట్టు మీదే నిలబడి చూస్తోంది. అప్పుడు దాని బూటు ఒకటి విప్పించి, లోపలి పట్టీ మీద చెరగని సిరాతో ఇలా రాసి సంతకం చేశాను: "ఈ బూట్లు బంతివి. వీటిని పాడుచేసే హక్కు కూడా బంతిదే."

చదువుకుంది. రెండోసారి చదువుకుంది. "రెండో బూటు మీద కూడా రాయండి" అంది. మీ వైపు వాళ్ళ పోలికే. రాశాను.

కుడి కాలు పెట్టింది, నా మొహంలోకి చూసింది. ఎడమ కాలూ పెట్టింది. తర్వాత రెండు కాళ్ళతో గెంతింది. నా పంచె సంగతి అడగకు. ఆ తర్వాత ఆటస్థలం చుట్టూ పరుగు మొదలుపెట్టింది. నాలుగు చుట్ల దాకా లెక్కపెట్టాను. ఐదో చుట్టులో చెయ్యి ఊపుతూ నా ముందు నుంచి వెళ్ళింది, నేను లెక్క తప్పాను. బొబ్బ ఒక్కటి లేదు, బూటు జారలేదు. నాలుగు జతల ధరకి అవి తగినవే. నా అభిప్రాయం మార్చుకుంటున్నాను, ఫైల్లో కూడా మారుస్తాను.

పందెంలో దాని పేరు మళ్ళీ రాయించాను. డ్రిల్లు టీచరుగారు గడువు దాటిందన్నారు. ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి రాశారు. శుక్రవారం పొద్దున పదింటికి. సెలవు పెట్టి వెళ్ళు, నేనూ అత్తయ్యా వస్తాం. గెలుస్తుందని కాదు, పరిగెడుతుంది, అది చూడ్డానికి.

ఇకమీదట దాని కాళ్ళ సంగతి నన్ను అడక్కు. దాన్నే అడుగు.

ఇట్లు,
మామయ్య

తా.క. మీ ఆయన ఐదింటికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, గచ్చు చూశాడు, పేపర్ తీసుకున్నాడు. గచ్చు తుడవద్దని నేనే చెప్పాను. వీధి గుమ్మం నుంచి పెరటి దాకా బురద అడుగులున్నాయి. పెద్దవి నావి, వాటిని పట్టించుకోకు. చిన్నవాటి దగ్గర నీ టేపు పెట్టి అడుగుకీ అడుగుకీ మధ్య ఎంతుందో కొలువు. నడిచే పిల్ల వెయ్యగలిగే అడుగులు కావవి.