గోడకు ఇటు పచ్చ, అటు గులాబీ

జూన్ 3, సోమవారం

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని!

పొద్దున పాత క్లయింటు ఇంటికి వెళ్లాను, నేను డిజైన్ చేసిన హాలుకు ఫొటోలు తీసుకుందామని. రెండేళ్ల కిందట ముచ్చటపడి పెట్టించిన గాజు డైనింగ్ టేబుల్ తళతళా మెరిసిపోతోంది. పొంగిపోయాను. తీరా చూస్తే ఇంటిల్లిపాదీ పడగ్గదిలో నేలమీద కూర్చుని తింటున్నారు!

"టేబుల్ మీద తినొచ్చుగా?" అన్నాను.

ఇల్లాలు కంగారుగా లేచింది. "మరక పడితే మీరేమంటారోనని..."

నేనేమంటానోనని! రెండేళ్లుగా! తన ఇంట్లో తనే!

ఆ మాట దారి పొడవునా ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఈ శపథం: ఇకపై ఇల్లు క్లయింటుదే, నాది కాదు. వాళ్లు మాట్లాడుతుంటే అడ్డు తగలను. "అది బాగుండదండీ" అన్న మాట ఈ నోట రాదు.

మావారికి చదివి వినిపించాను. "నువ్వా? నోరు మూసుకోవడమా?" అని నవ్వబోయి, టీ పొలమారి దగ్గుతూ కూర్చున్నారు. చూద్దాం!

జూన్ 4, మంగళవారం

శపథానికి తగ్గ క్లయింట్లు దొరికారు! అక్కాచెల్లెళ్లు. అక్క రిటైరైన నర్సు. చెల్లెలు ఇంట్లోనే బట్టలు కుట్టే టైలరు. ఇద్దరూ కలిసి ఫ్లాటు కొనుక్కుని ఆర్నెల్లయింది. ఉన్న ఒక్క గదీ బట్టల మూటలతో నిండిపోయింది. మంచాలు, కుట్టుమిషను, అక్క కుర్చీ అన్నీ హాల్లోనే. నర్సమ్మ, టైలరమ్మ అని పేర్లు పెట్టుకున్నాను. నాలో నేనే.

తలుపు తీస్తూనే పోట్లాట.

"హాలు మధ్యలో గోడ కట్టెయ్యమ్మా," అంది నర్సమ్మ. "దానిది దానికి, నాది నాకు."

"గోడ అని ముందు అన్నది నేను," అంది టైలరమ్మ.

"నేనన్నాక అన్నావు!"

"గోడ లేకపోతే ఇల్లు అమ్మేసి ఎవరి దారి వాళ్లు చూసుకుందామని మొన్న నేను అనలేదూ?"

లోకమంతా గోడలు పగలగొట్టించుకుంటుంటే వీళ్లు కట్టించుకుంటారట! అసలే ఇరుకు హాలు. "బాగుండదండీ" అన్న మాట నా నాలుక చివర కూర్చుని కాళ్లాడిస్తోంది. మింగేశాను.

"సరేనండీ," అన్నాను.

సరేనన్నాను! ఎంత తేలిక! ఇంతకాలం ఎందుకు వాదించానో!

జూన్ 5, బుధవారం

రంగులు. నర్సమ్మ వైపు చిలకపచ్చ. టైలరమ్మ వైపు గులాబీ.

"ముదురా, లేతా?" అనడిగాను, లేత అంటుందన్న ఆశతో.

"ముదురే. బాగా ముదురు."

"సరేనండీ."

ఇంటికొచ్చి కళ్లు మూసుకుని పడుకున్నాను. మూసినా పచ్చా గులాబీలే.

జూన్ 6, గురువారం

శపథం చెక్కు చెదరలేదు. రంగుల కార్డులు తీసుకెళ్లినప్పుడు మీగడ రంగు కార్డు అన్నిటికంటే పైన ఉందంటే అది నా తప్పా? పైన ఏదో ఒకటి ఉండాలి కదా! నర్సమ్మ దాన్ని పక్కకు నెట్టి చిలకపచ్చను లాగినప్పుడు నా కనుబొమలు పైకి లేచిన మాట నిజమే. కనుబొమలు నోరు కాదు. శపథం నోటికి సంబంధించింది.

సాయంత్రం ఊరికే కాగితం మీద ఒక బొమ్మ గీసుకున్నాను. గోడ లేని హాలు, మధ్యలో పెద్ద బల్ల, పైన వేలాడే దీపాలు. ఎవరికీ చూపించను. చేతి దురద తీర్చుకోవడానికి, అంతే.

జూన్ 7, శుక్రవారం

కొలతలకని వెళ్లి పొద్దంతా వాళ్లింట్లోనే ఉండిపోయాను. పడదు పడదంటారే గానీ ఇద్దరి నోళ్లూ ఒక్క నిమిషం ఆగవు.

"అక్కా, సూదిలో దారం!" అని చెల్లెలి కేక.

"కళ్లద్దాలు పెట్టుకుని ఏడువు!" అని తిడుతూనే అక్క ఎక్కించి ఇస్తుంది. తర్వాత చెల్లెలి చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంది. "నాతో పోట్లాడితే పెరగదా మరి?"

మిషను తొక్కుతూ తొక్కుతూ టైలరమ్మ తలెత్తి అక్క కుర్చీ వైపు చూస్తుంది. తల దించుకుంటుంది. మళ్లీ చూస్తుంది. గోడ వచ్చేది సరిగ్గా ఆ చూపుకు అడ్డంగా!

చెప్పనా? చెప్పను. శపథం!

(గీసిన కాగితం సంచిలో ఉంది. పొరపాటున వచ్చింది.)

జూన్ 8, శనివారం

అయిపోయింది. అంతా అయిపోయింది.

తాపీమేస్త్రి వచ్చి నేలమీద సుద్దతో గీత గీశాడు. గీత మిషనుకూ కుర్చీకీ మధ్య నుంచి సాగింది. టైలరమ్మ మిషను ఆపేసింది. నర్సమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఆ ఇంట్లో నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను.

"బాగుండదండీ!"

అన్నది నేనే. కట్ట తెగాక ఆగుతుందా? గోడ బాగుండదు, పచ్చ బాగుండదు, గులాబీ అసలే బాగుండదు, ఇదిగో, ఇలా ఉండాలి అంటూ సంచిలోంచి కాగితం తీసి పరిచాను. పెద్ద బల్ల! దీపాలు! మీగడ రంగు!

నర్సమ్మ కాగితాన్ని చూసింది. నన్ను చూసింది. "ఇందులో దాని మిషను ఏదమ్మాయ్?"

చూసుకున్నాను. మిషను గీయడం మరిచిపోయాను.

"అక్క కుర్చీ కూడా లేదు," అంది టైలరమ్మ. "ఇంతకీ ఎవరిల్లమ్మా ఇది?"

అక్కాచెల్లెళ్లు ఏకమయ్యారు. నా మీద! ఇద్దరూ కలిసే గుమ్మం దాకా సాగనంపారు.

జూన్ 9, ఆదివారం

మంచం దిగలేదు. పొద్దున తప్పు వాళ్లదన్నాను. కాసేపటికి మేస్త్రిదన్నాను. ఆ తర్వాత సుద్దముక్కది. మావారు నవ్వకుండా టీ తెచ్చిచ్చారు. నవ్వినా బాగుండేది.

మధ్యాహ్నానికి బుర్ర వెలిగింది. ఏం కావాలో అడిగాను, రాసుకున్నాను, తల ఊపాను. ఎందుకు కావాలో ఒక్కసారైనా అడిగానా?

జూన్ 10, సోమవారం

తిడితే పడదామనే వెళ్లాను. నర్సమ్మ తలుపు తీసింది.

"తప్పయిపోయిందండీ. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. గోడ ఎందుకు?"

ఆవిడ వంటింటి వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించింది. "బతుకంతా రాత్రి డ్యూటీలే చేశానమ్మా. ఇప్పుడు నిద్ర పట్టి చావదు. లేచి తిరుగుతుంటాను. 'ఏమైందక్కా' అంటూ ఇదీ లేచి కూర్చుంటుంది. పగలు మిషను మీద తూగుతుంది. మొన్న వేలికి సూది దిగింది. గోడ ఉంటే అదన్నా పడుకుంటుంది."

గరిటెతో టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది.

"అందుకా గోడ?"

"మరి నువ్వెందుకన్నావే?"

"నీకు కన్నంటుకునేదే తెల్లవారుజామున. సరిగ్గా అప్పుడే నేను మిషను మొదలుపెడతాను. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేస్తావు. చూడలేక..."

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా?"

పోట్లాట మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే గోడ వద్దు కదా?" అన్నాను ఆశగా.

"కావాలి!" అన్నారు ఇద్దరూ.

"కిటికీ పెట్టించు," అంది టైలరమ్మ. "పగలు తెరుచుకుంటాం. పడుకునేటప్పుడు మూసుకుంటాం."

ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పబోయి పళ్లు బిగించాను. మేస్త్రిని పిలిపించాను. సుద్దగీత మీద అతనో చివర, నేనో చివర నిలబడి గోడలాగా దుప్పటి పట్టుకున్నాం. అటు కుర్చీలో అక్క, ఇటు మిషను ముందు చెల్లెలు.

"కాస్త దించండి... ఇంకాస్త... ఆఁ, ఆగండి. కనిపిస్తున్నావక్కా."

"నువ్వూ కనిపిస్తున్నావులే. జుట్టు దువ్వుకో."

మేస్త్రి అక్కడ గుర్తు పెట్టాడు. నా కళ్లు ఎందుకో చెమర్చాయి. దుప్పటి దుమ్ము అయ్యుంటుంది.

జూన్ 27, గురువారం

గోడ పూర్తయింది. ఇటు చిలకపచ్చ, అటు ముదురు గులాబీ. కిటికీ చట్రానికి రంగు నన్నే చెప్పమన్నారు. నన్ను! మీగడ రంగు మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. పసుపు వేయించారు.

నేను వెళ్లేసరికి అక్క ఇంకా పడుకునే ఉంది. కిటికీ మూసి ఉంది. చెల్లెలు నోటిమీద వేలు పెట్టుకుని సైగ చేసింది. చప్పుడు చెయ్యకుండా ఫొటోలు తీసుకున్నాను.

మొత్తం మీద ఎలా ఉందంటే... బాగుంది. రాసేశాను. కొట్టెయ్యను.

జూన్ 28, శుక్రవారం

కొత్త క్లయింటు ఫోన్. బ్యాంకులో పనిచేస్తుందట. స్నానాలగదిలో ఒక వాలుకుర్చీ, పుస్తకాల అల్మారా, చదువుకునే దీపం కావాలట. స్నానాలగదిలో! పుస్తకాలు తడిసి ముద్దవుతాయే!

"అది బాగుండ..."

సగం మాట వచ్చేసింది. మిగతా సగాన్ని పళ్ల మధ్య పట్టుకున్నాను. సగం మాట లెక్కలోకి రాదు. శపథం మళ్లీ మొదలు, ఈ క్షణం నుంచే!

"ఎందుకండీ?" అనడిగాను.

అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు. తర్వాత గుసగుసగా, "నలుగురు పిల్లలు, మావారు, అత్తగారు, ఒక కుక్క. లోపల గడియ ఉన్నది ఆ ఒక్క గదికేనండీ."

కొలతల టేపు సంచిలో వేసుకుని బయల్దేరుతున్నాను.