సూర్యుణ్ణి లేపే తలుపు

ఏప్రిల్ 4

ఈ ఉదయం ఆరు పదికి అక్క పోయింది. ఆస్పత్రిలో, నిద్రలో. దిండు పక్కన కళ్ళజోడు, తను రాసిన నవల ప్రూఫులు. చివరి పేజీ రాయలేదు.

ఏప్రిల్ 7

పేపర్లో రోజూ వార్తలు రాసేదాన్ని. అక్క గురించి ఒక్క వాక్యం కుదరడం లేదు. ఫ్యాక్ట్స్ రాసుకుంటాను.

అక్క ప్రెస్‌లో ప్రూఫ్ రీడర్. ఉద్యోగమంతా మెషీన్ రూం గడపకు ఇవతలే గడిచింది. ఏ పుస్తకమైనా మొదటి ఫారం, అంటే మొదటి పదహారు పేజీలు, అచ్చయి దిగేటప్పుడు లోపల ఆడవాళ్ళు ఉండకూడదని అక్కడి ఆచారం. ఉంటే కాగితం ఇరుక్కుంటుందట. అక్క గడప దగ్గర నిలబడి చెయ్యి చాపేది. ఫోర్‌మన్ షీటు తెచ్చి ఇచ్చేవాడు. కాగితం మాత్రం తరచూ ఇరుక్కునేది. అప్పుడు లోపల ఉన్నది మగవాళ్ళే.

అక్క ఆఖరి కోరిక ఒకటే. తన పుస్తకం మొదటి ఫారం దిగేటప్పుడు నేను లోపల నిలబడి చూడాలి. అల్లర్లలోకి దూరావు, గనిలోకి దిగావు, ఆ గది ఎంతే నీకు అంది. సరేనన్నాను.

ఏప్రిల్ 9

నవల మళ్ళీ చదివాను.

ఆ రాజ్యంలో సూర్యుడు గుహలో పడుకుంటాడు. రోజూ మగవాళ్ళే ఢంకాలు మోగించి లేపాలి. ఆడగొంతు వింటే సిగ్గుపడి ముసుగు తన్ని పడుకుంటాడని శాస్త్రం. ఒకరోజు మగవాళ్ళందరికీ జలుబు చేస్తుంది. ఢంకా ఎత్తబోయిన ప్రతివాడూ తుమ్ముతాడు. తెల్లవారదు. రాజుగారు చీకట్లో కిరీటం అనుకుని చెంబు బోర్లించుకుంటాడు. అప్పుడు ఏడుగురు మనవళ్ళను బడికి లేపి పంపిన ముసలమ్మ ఒకతి బయల్దేరుతుంది. దుప్పటి లాగెయ్యడమే తనకు తెలిసిన మంత్రం.

ఆఖరి వాక్యం: ముసలమ్మ గుహ తలుపు మీద చెయ్యి వేసింది.

నవ్వాను. తర్వాత చాలాసేపు ఆ వాక్యమే చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 12

ప్రెస్‌కి వెళ్ళాను. ఫోర్‌మన్ నవలంతా చదివాడు. చెంబు దగ్గర పొట్ట చెక్కలయిందన్నాడు. చెబుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. చివరి పేజీ నన్నే రాయమన్నాడు. "ఆ ముసల్దాన్ని లోపలికి పంపెయ్యమ్మా, పాపం. అంత చీకట్లో అంత దూరం నడిచొచ్చింది."

మరి నేను లోపలికి రావచ్చా అని అడిగాను.

"కథ వేరు, మెషీన్ వేరు అమ్మాయ్." పని నేర్పిన గురువు మాటట. తను ఉన్నన్నాళ్ళూ తప్పనన్నాడు. మీ అక్క ఒక్కనాడూ అడగలేదు అని కూడా అన్నాడు.

నిజమే. అడగలేదు. నవల రాసింది.

ఏప్రిల్ 13

ఇవాళ పేపర్లో నా వార్తలో అచ్చుతప్పు అలాగే వచ్చేసింది. ఇదివరకైతే అక్క పొద్దున్నే ఫోన్ చేసి తిట్టేది.

ఏప్రిల్ 17, సాయంత్రం

ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. రేపు పదింటికి అక్క పుస్తకం మెషీన్ ఎక్కుతుందట. "రేపు నాకు జ్వరం వస్తుందమ్మా. పనిలోకి రాను."

రేపటి జ్వరం ఇవాళే ఎలా తెలిసిందన్నాను. ఈ వయసులో తెలిసిపోతుందన్నాడు. తర్వాత, మీ అక్కని ఒక్కసారైనా లోపలికి రమ్మనాల్సింది అని ఫోన్ పెట్టేశాడు.

చీకటి పడేలోపు ప్రెస్ నుంచి పొట్లం వచ్చింది. రెండు దూది ఉండలు. లోపల చప్పుడు ఎక్కువట, చెవుల్లో పెట్టుకోమన్నాడట.

ఏప్రిల్ 18, ఉదయం

పది గంటలకు మొదటి ఫారం. చివరి పేజీ ఉండే ఆఖరి ఫారం గురువారం.

చివరి పేజీ ఇంకా రాయలేదు. చూడనిది రాయను.