అవ్వ అందుకున్న పాట

శుక్రవారం రాత్రి, సురంగల్

కండ్లు మూస్తే ఇంకా చామంతులే కనిపిస్తున్నయి. విడాకులైనంక రాసుకున్న పాట పొద్దుగాల తోటల పాడిన. పాడాలనుకోలె. మంచుల పూలు తెంపుతుంటె అదే నోట్లకొచ్చింది.

"ఆ ఇల్లు ఇడిసొచ్చిన ఉయ్యాలో, నా తొవ్వ నేను పట్టిన ఉయ్యాలో."

మా దిక్కు ఒకరు పాడితే తోటలున్నోళ్లంత అదే మాట తిరిగి పాడాలె. అది యాదికొచ్చేసరికి పాట నోరు దాటింది. విడాకుల ముచ్చట దాచి, బిడ్డ నాలుగు దినాలు ఉండిపోను వచ్చిందని ఊరంతటికి చెప్పుకుంటున్న మా అవ్వ పక్క సాలులనే ఉన్నది.

అందరు అందుకున్నరు. అవ్వ గొంతు వినరాలె. మంచు, పసుపు పూలు, అంత కలల లెక్కనే ఉన్నది. రెండో చరణం ఎత్తుకోబోతుంటె "ఆగు బిడ్డా" అన్నది అవ్వ. అందరు వినంగ ఒక్కతే పాడింది.

"ఆ ఇల్లు ఇడిసొచ్చింది ఉయ్యాలో, నా బిడ్డ ఉయ్యాలో."