రాజీ అయినంక మిగిలిన కేసు

తమ్ముడు అహరోనుకు నస్పూర్ నుంచి అక్క వందనాలు.

మన వెస్లీకి కరీంనగర్‌ల దవాఖాన నౌకరి కుదిరింది. కానీ గా దవాఖానోళ్లు పోలీసు రికార్డు తీపిచ్చి, "నీ మీద కొట్లాట కేసున్నది, అది కొట్టేసేదాక రాకు" అన్నరట. "నానమ్మా, అహరోను తాత పెట్టిన కేసు ఇంక పోలేదా?" అని పోరడు పరేషానైతుండు.

నాకేం సమజైతలేదు. పొలంగట్టు కొట్లాట పాస్టరయ్య ముందర రాజీ అయితిమి గద. నువ్వూ వాడూ పక్కపక్కన నిలవడి చర్చిల ప్రభు బల్ల రొట్టె తీసుకుంటిరి. కేసు గక్కడనే తెగిందనుకున్న. కోర్టుల గూడ చెప్పాల్నట. మాఫ్ జేసినంక కేసు ఎట్ల బతికున్నది తమ్మీ? నీ కడుపుల కోపం ఇంక ఉన్నదా?

ఉన్నా సరే, సోమవారం కోర్టుకు రా. రాజీ కాయితం మీద సంతకం పెట్టు. తర్వాత ఇంటికొచ్చి వాణ్నీ నన్నూ తనివిదీర తిట్టు.

అక్క