బావ రాసిన చివరి టెస్టు

అక్కా,

బావ పని పూర్తయిందా అని అడిగావు. మేమిద్దరం కట్టిన ఇంటర్‌ప్రెటర్, అదే, రాసిన ప్రోగ్రామును వరసగా చదివి కంప్యూటర్ చేత చేయించేది, అందరూ వాడుకోవడానికి రేపు బయటికి వెళ్తోంది.

"ముందు టెస్టు రాయరా, తర్వాతే కోడు" అని బావ నా ప్రాణం తీసేవాడు. టెస్టంటే కోడు అనుకున్నట్టు పనిచేస్తోందో లేదో చూసే చిన్న పరీక్ష; అది మొదట తెరమీద ఎర్రగా పడేది, కోడు కుదిరాక పచ్చబడేది. ఆసుపత్రికి వెళ్లిన పొద్దున కూడా మూడు వరసల టెస్టు రాసిపెట్టి, "సాయంత్రం వచ్చి చూద్దాం" అన్నాడు. ఆ సాయంత్రం మనకు రాలేదు.

ఏడు నెలలు తల బద్దలుకొట్టుకున్నాను. అది పచ్చబడలేదు. తన మనసులో ఏ దారి ఉందో నాకు అంతుపట్టలేదు. ఒక్కటి ఎర్రగా ఉన్నా బయటికి పంపకూడదన్న నియమం కూడా తనదే. అందుకని ఈరోజు ఆ టెస్టునే చెరిపేశాను.

తెరంతా పచ్చగా ఉంది. పని పూర్తయిందక్కా. ఆ తెరవైపు చూడలేకపోతున్నాను.

నీ తమ్ముడు